లేడీ పెనెలొపీ: థండర్‌బర్డ్స్ కన్నా ముందే వచ్చిన గూఢచారిణి

మీ సందేహాలు ఇవి. ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో మీకు దొరికిన పాత బైండులో టీవీ సెంచరీ 21 అనే బ్రిటిష్ పిల్లల వారపత్రిక సంచికలు ఉన్నాయి. వాటి మీద 2065 అని తేదీ ఉంది. లోపల లేడీ పెనెలొపీ అనే బొమ్మల సీరియల్ ఉంది. ఆమె థండర్‌బర్డ్స్ అనే బ్రిటిష్ కీలుబొమ్మల టీవీ ధారావాహికలోని పాత్ర అని మీకు తెలుసు. కానీ ఆ ధారావాహిక 1965 సెప్టెంబరులో కదా మొదలైంది, కామిక్ అదే ఏడాది జనవరిలో ఎలా వచ్చింది? టీవీలో ఆమె ఇంటర్నేషనల్ రెస్క్యూ అనే రక్షక దళానికి సహాయకురాలైతే ఇక్కడ అచ్చమైన గూఢచారిణిలా ఎందుకు ఉంది? రెండిటిలో ఏది అసలు? చివరిగా, మీ ప్రతులు నాటివేనా, తర్వాతి పునర్ముద్రణా?

తేదీ సంగతి తేలిక. ఆ పత్రిక తనను తాను నూరేళ్ల తర్వాతి వార్తాపత్రికగా చెప్పుకుంది. మొదటి సంచిక 1965 జనవరి 23 నాటిది, దాని మీద వేసింది 2065 జనవరి 23. అసలు తేదీ కావాలంటే నూరు తీసేయండి. వారాలు మాత్రం కలవవు. 1965లో ఆ రోజు శనివారం, 2065 క్యాలెండరులో అదే తేదీ శుక్రవారం. నూరేళ్ల తర్వాత నిజంగా వచ్చే వారాన్ని లెక్క కట్టి వేయాలన్న పట్టుదల సంపాదకులకు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మొదటి పేజీలో పెద్ద అక్షరాల శీర్షికలు, మోడళ్లను ఫొటోలు తీసి వేసిన ‘వార్తా చిత్రాలు’, వాటి కింద భవిష్యత్తు వార్తలు ఉండేవి. స్టింగ్‌రే జలాంతర్గామికి ఏదో జరిగింది, ఫైర్‌బాల్ ఎక్స్ఎల్5 అంతరిక్ష నౌక ఎక్కడో తప్పిపోయింది, ఇలా. లోపలి సీరియళ్లలో జరిగే కథే బయట వార్తగా కనిపించేది. పిల్లవాడు 7 పెన్నీలు ఇచ్చి కొన్నది కామిక్ కాదు, రేపటి ప్రపంచపు పత్రిక. ఈ ఊహను అంత నిష్ఠగా పాటించిన పిల్లల పత్రిక మరొకటి నేను చూడలేదు.

మీ అసలు ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మామూలుగా టీవీ కామిక్ అంటే తెరమీద ఆడినదాన్ని వెనకనుంచి అందుకుని అచ్చులో అమ్మేది. టీవీ సెంచరీ 21 అలా పుట్టలేదు. థండర్‌బర్డ్స్ తీసిన గెర్రీ, సిల్వియా ఆండర్సన్‌ల సంస్థ ఏపీ ఫిల్మ్స్, ప్రచురణ సంస్థ సిటీ మ్యాగజైన్స్ కలిసి దాన్ని తెచ్చాయి. సంపాదకుడు అలన్ ఫెన్నెల్. ఇతను బయటివాడు కాదు. ఆండర్సన్‌ల ఫైర్‌బాల్ ఎక్స్ఎల్5కు, స్టింగ్‌రేకు, తర్వాత థండర్‌బర్డ్స్‌కు కూడా ఎపిసోడ్‌లు రాసినవాడు. స్లౌ పట్టణంలోని స్టూడియోలో ఏ బొమ్మ తయారవుతున్నదో, ఏ కథ చిత్రీకరణలో ఉందో అతనికి ఇంటి సంగతే. అందుకే ఇంకా ఎవరూ చూడని ధారావాహిక నుంచి ఒక పాత్రను ముందే బయటికి తేగలిగాడు.

కామిక్‌కూ ప్రసారానికీ మధ్య ఎడం పెరగడానికి టీవీ వైపు కూడా ఒక కారణం ఉంది. థండర్‌బర్డ్స్‌ను మొదట అరగంట కార్యక్రమంగానే తీస్తున్నారు. మొదటి ఎపిసోడ్ చూసిన, ధారావాహికకు డబ్బు పెట్టిన ఐటీసీ సంస్థ అధినేత ల్యూ గ్రేడ్ ఇది గంట కార్యక్రమం కావాలన్నాడు. అప్పటికే తీసిన ఎపిసోడ్‌లకు కొత్త సన్నివేశాలు, కొత్త ఉపకథలు అతికించాల్సి వచ్చింది. బొమ్మలతో తీసే చిత్రీకరణలో అది నెలల పని. చివరికి 1965 సెప్టెంబరు 30న ప్రసారం మొదలైంది. వారం వారం లెక్క వేస్తే, ఆ తేదీకి ముందే పత్రికవి 36 సంచికలు మార్కెట్లో ఉన్నాయి. అంటే ఎనిమిది నెలలకు పైగా బ్రిటిష్ పిల్లలకు పెనెలొపీ అంటే ఈ కాగితం మీది పెనెలొపీయే. ఇంటర్నేషనల్ రెస్క్యూ, దాని స్థావరం ట్రేసీ దీవి, ట్రేసీ అన్నదమ్ములు నడిపే ఐదు థండర్‌బర్డ్ వాహనాలు, ఇవేవీ తెర మీద ఇంకా కనిపించనేలేదు.

ఇప్పుడు ఆలోచించండి. రక్షక దళం ఊసు ఎత్తకుండా దాని లండన్ ప్రతినిధిని కథానాయికను చేయాలి. ఏం చేస్తారు? ఆమెకు సొంత వృత్తి ఇవ్వాలి. అది గూఢచర్యం అయింది. సెంచరీ 21 వారి అచ్చు కథల్లో ఆమె పూర్వచరిత్ర ఫెడరల్ ఏజెంట్స్ బ్యూరో అనే రహస్య సంస్థతో ముడిపడి ఉంటుంది. బయటికి దొరల కుటుంబం ఆడపడుచు, కెంట్‌లోని ఫాక్స్‌లీహీత్‌లో కోటలాంటి ఇల్లు, విందులు, దుస్తులు. లోపల వేరే జీవితం. పక్కన పార్కర్. ఒకప్పుడు తిజోరీలు విప్పడంలో చేయి తిరిగిన దొంగ, జైలు చూసి వచ్చినవాడు, ఇప్పుడు బట్లరు, డ్రైవరు. ఈ జంటకు భూకంపాలు, కూలిన వంతెనలు అక్కరలేదు. ఒక తాళం వేసిన గది, దాని వెనుక ఒక కాగితం ఉంటే చాలు, కథ నడుస్తుంది.

కాలం కూడా అనుకూలించింది. 1960ల నడుమ బ్రిటన్‌లో గూఢచారి కథలకు ఉన్న గిరాకీ ఇంకే కథకూ లేదు. పైగా పత్రిక మొత్తం అదే వేషం కట్టింది. మొదటి సంచికతో పాఠకుడికి స్పెషల్ ఏజెంటు గుర్తింపు సాధనం ఉచితంగా ఇచ్చారు. సంపాదకుడు పాఠకులతో మాట్లాడేది స్పెషల్ ఏజెంట్ 21గా. ఆ పేరుతోనే బ్రెంట్ క్లీవర్ అనే ఏజెంటు బొమ్మల సీరియల్ కూడా తర్వాత నడిచింది. శత్రువు కూడా సిద్ధంగా ఉన్నాడు. బెరెజ్నిక్ అనే దేశం ప్రపంచ ప్రభుత్వంలో చేరకుండా పక్కనే నిలబడి కుట్రలు చేస్తూ ఉంటుంది. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు తూర్పు ఐరోపాకు పేరు మార్చి బూడిద రంగు కోటు తొడిగినట్టే ఉంటుంది. దాన్ని ఇప్పుడు చదివితే కొంత నవ్వు వస్తుంది, కొంత ఇబ్బందీ కలుగుతుంది. రెండూ న్యాయమే.

తెర మీది పెనెలొపీకీ కాగితం మీది పెనెలొపీకీ తేడా ఎందుకు అన్నదానికి ఇంకొక కారణం ఉంది. నా లెక్కలో అదే పెద్దది. థండర్‌బర్డ్స్ పాత్రలు తీగలతో ఆడించే కీలుబొమ్మలు. సంభాషణ ధ్వనికి తగ్గట్టు పెదవులు కదిలేలా తలలో విద్యుత్ పరికరం పెట్టారు, ముఖం బాగానే పలికేది. నడక మాత్రం రాలేదు. బొమ్మ నడిస్తే తేలిపోతున్నట్టు ఉండేది. అందుకే ఆండర్సన్‌ల ధారావాహికల్లో అందరూ ఏదో ఒకదాని మీద కూర్చుని కదులుతారు: కుర్చీలో, కదిలే పట్టీ మీద, ఎగిరే బండి మీద, వాహనంలో. చేతితో సున్నితమైన పని చేయాలంటే నిజం మనిషి చెయ్యి దగ్గరగా చూపించేవారు. అలాంటి చోట గూఢచారిణి ఏం చేయగలదు? గోడ దూకలేదు, చీకట్లో మెట్లు దిగలేదు, ఎవరి చేతిలోంచీ తుపాకీ లాక్కోలేదు. టీవీలో ఆమె ఎక్కువగా కూర్చుని, టీ తాగుతూ, టీపాట్‌లో దాచిన పరికరంతో మాట్లాడుతూ, పార్కర్‌ను పంపిస్తూ కనిపించడానికి సగం కారణం ఇదే. కాగితం మీద తీగలు లేవు. ఆమె పరుగెత్తుతుంది, వేలాడుతుంది, కొడుతుంది, కింద పడుతుంది. ఒకసారి ఇది గమనించాక ఆ సీరియల్‌ను టీవీకి చిల్లర ముక్కగా చూడడం కుదరదు.

మొదట్లో బొమ్మలు వేసింది ఎరిక్ ఈడెన్. ఈగిల్ పత్రికలో డాన్ డేర్ అనే అంతరిక్ష వీరుణ్ని సృష్టించిన ఫ్రాంక్ హాంప్సన్ స్టూడియోలో పని నేర్చినవాడు. ఆ బడిలో యంత్రం అంటే యంత్రంలా ఉండాలి, ప్రతి మరకు ఒక పని ఉండాలి. మీ బైండులో పెనెలొపీ కారు ఫ్యాబ్ 1 పెద్దగా కనిపించే గడి ఒకటి తీసి చూడండి. గులాబీ రంగు రోల్స్ రాయిస్, ఆరు చక్రాలు, ముందు నాలుగూ తిరిగేవి, పైన పారదర్శకమైన కప్పు, ముందు జాలీ వెనుక మరతుపాకీ. టీవీ కోసం చేసిన పెద్ద నమూనాయే దాదాపు 7 అడుగులు. ఈడెన్ దాన్ని బొమ్మకారులా కాక నిజం కారులా గీస్తాడు. మలుపులో బరువు ఎటు ఒరుగుతుందో గీతలో తెలుస్తుంది. మనుషుల ముఖాల్లో మాత్రం అతనికి అంత పట్టు లేదు. పెనెలొపీ ముఖం గడికి గడికి కొంచెం మారుతూ ఉంటుంది. టీవీ బొమ్మ ముఖాన్ని శిల్పి మేరీ టర్నర్, సిల్వియా ఆండర్సన్ పోలికలు తీసుకుని చేశారు. గొంతు కూడా సిల్వియాదే. ఈడెన్ గీసినది ఆ ముఖమూ కాదు, పూర్తిగా వేరే ముఖమూ కాదు.

తర్వాత ఏమైందో చెప్తాను, మీ బైండులో సీరియల్ హఠాత్తుగా మాయమైతే కంగారు పడకుండా. ఏడాది తిరిగేసరికి ఈ పాత్రకు సొంత వారపత్రికే వచ్చింది. లేడీ పెనెలొపీ పేరుతో 1966 జనవరి 22న మొదలైంది. ‘టెలివిజన్‌ను ప్రేమించే అమ్మాయిల కామిక్’ అని చెప్పుకుంది. అదే సమయంలో టీవీ సెంచరీ 21లో 52వ సంచిక నుంచి ఫ్రాంక్ బెల్లమీ బొమ్మలతో థండర్‌బర్డ్స్ సీరియల్ మొదలైంది. ఆ ఏడాది జనవరిని ఒక పంపకంగా చూడొచ్చు: యంత్రాలు, అన్నదమ్ములు ఒక పత్రికకు, దొరసాని, ఆమె బట్లరు మరొక పత్రికకు. మగపిల్లలకు ఇది, ఆడపిల్లలకు అది అన్న నాటి వ్యాపార లెక్క అది. అప్పటిదాకా ఒకే పత్రికలో అబ్బాయిలు కూడా పెనెలొపీ సాహసాలు చదివారన్న సంగతి ఆ లెక్కలో కొట్టుకుపోయింది.

సొంత పత్రికలో ప్రధాన సీరియల్‌కు ఫ్రాంక్ లాంగ్‌ఫోర్డ్ బొమ్మలు వేశాడు. గీత సొగసైనది, దుస్తులు ఎంతో ముచ్చటగా ఉంటాయి, ముఖాలు అందంగా నిలకడగా ఉంటాయి. ఈడెన్ యంత్రాల బరువు మాత్రం ఇక్కడ లేదు. పార్కర్‌కు విడిగా హాస్య సీరియల్, స్టింగ్‌రేలోని మూగ కథానాయిక మరీనాకు విడిగా ఒకటి, వీటితోపాటు అమెరికన్ టీవీ కార్యక్రమాల సీరియళ్లు కూడా అందులో ఉండేవి. ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్ కూడా వాటిలో ఒకటి. 1968లో పత్రిక పేరు పెనెలొపీగా కుదించారు. టీవీ గాలి తగ్గేకొద్దీ మామూలు అమ్మాయిల కథలు పెరిగాయి. 1969 డిసెంబరు 13న 204వ సంచికతో ఆగి, ప్రిన్సెస్ టీనా అనే మరో అమ్మాయిల పత్రికలో కలిసిపోయింది. ఆఖరి ఏడాదిన్నర గురించి నేను ఎక్కువ చెప్పను, చదవమని కూడా అనను.

ఈ వంశంలోనే మరో గూఢచారి సీరియల్ ఉంది, మీకు నచ్చవచ్చు. జో 90 అని, తొమ్మిదేళ్ల కుర్రాడు. పెంచిన తండ్రి కనిపెట్టిన యంత్రం నిపుణుల మెదడులోని జ్ఞానాన్ని అతనికి ఎక్కిస్తుంది, కళ్లజోడు పెట్టుకుంటే పైలట్, తీస్తే బడిపిల్లాడు. ప్రపంచ గూఢచారి వ్యవస్థకు పనిచేస్తాడు. టీవీలో 1968 సెప్టెంబరులో మొదలై 30 ఎపిసోడ్‌లు నడిచింది. 1969 జనవరిలో జో 90 టాప్ సీక్రెట్ అని వారపత్రిక వచ్చింది. మార్టిన్ ఆస్‌బరీ బొమ్మలు. అదే పత్రికలో హ్యారీ లిండ్‌ఫీల్డ్ గీసిన స్టార్ ట్రెక్ కూడా ఉండేది. 34 సంచికలకే ఆగి, టీవీ21లో (టీవీ సెంచరీ 21కే తర్వాతి పేరు) కలిసింది. ఆలోచన గొప్పది. కానీ అది తెరను వెన్నంటి వచ్చిన కామిక్, పెనెలొపీలా తెరకన్నా ముందు నడిచినది కాదు. ఆ తేడా ప్రతి పేజీలో తెలుస్తుంది.

ఏది అసలు అన్న మీ ప్రశ్నకు నా సమాధానం: కాలక్రమంలో కాగితం ముందు, పాత్ర పుట్టుకలో స్టూడియో ముందు. రెండిటినీ ఒకే చరిత్రగా కలిపి కుట్టాలని చూస్తే అంగుళం అంగుళం అతుకులే. అలా కుట్టే పనికి జీవితాలు ఇచ్చిన అభిమానులు ఉన్నారు, వారంటే నాకు గౌరవమే. కానీ కొత్తగా చదివేవారు ఆ పని నెత్తిన వేసుకోవద్దు. 1965 నాటి సీరియల్‌ను విడి గూఢచారి కథగా మొదటి సంచిక నుంచి చదవండి. తర్వాత టీవీలో గూఢచర్యం పాలు ఎక్కువున్న ఎపిసోడ్‌లు చూడండి: ద పెరిల్స్ ఆఫ్ పెనెలొపీ, ద మ్యాన్ ఫ్రమ్ ఎంఐ5, ద చామ్ చామ్. పార్కర్ తిజోరీ విద్య చూడాలంటే వాల్ట్ ఆఫ్ డెత్. ఆ తర్వాతే లాంగ్‌ఫోర్డ్ వారపత్రిక తీయండి. వరస తప్పితే లాంగ్‌ఫోర్డ్ అందం ముందు ఈడెన్ బిగుసుకుపోయినట్టు కనిపిస్తాడు, అది అతనికి అన్యాయం.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ఇవి వారానికి ఒక చిన్న మోతాదుగా రాసినవి. ప్రతి వారం మొదటి గడి గతవారం ఆపదను గుర్తుచేస్తుంది, చివరి గడి కొత్త ఆపదలో వదిలేస్తుంది. బైండులో ఒకే కూర్చున్నపాటుగా పదిహేను వారాలు చదివితే అలసట వస్తుంది, అపాయాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. రోజుకు ఒకటి రెండు భాగాలు చాలు.

ఇక మీ ప్రతులు నాటివేనా అన్నది. చిన్న భూతద్దం తీసుకోండి, నగలషాపుల వాళ్లు వాడే పది రెట్లది దొరికితే మరీ మంచిది. బొమ్మను కాదు, మాటల బుడగలోని అక్షరాన్ని చూడండి. ఈ పత్రిక లివర్‌పూల్‌లోని ఎరిక్ బెమ్‌రోజ్ ముద్రణాలయంలో ఫొటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చయింది. ఆ పద్ధతిలో సిరా సిలిండరు మీద చెక్కిన చిన్న గుంటల నుంచి కాగితానికి ఎక్కుతుంది, అక్షరాలు కూడా ఆ గుంటల గుండానే వస్తాయి. అందుకే నల్లటి అక్షరం అంచు సూటిగా ఉండదు, సన్నటి రంపపు పళ్లలా కనిపిస్తుంది. బొమ్మలోని ఛాయలు మాత్రం మెత్తగా ఒకదాంట్లో ఒకటి కరుగుతాయి. తర్వాతి కాలపు ఆఫ్‌సెట్ పునర్ముద్రణ అయితే ఛాయల్లో రంగు చుక్కలు పువ్వుల్లా గుంపు కట్టి కనిపిస్తాయి. పాత ముద్రిత ప్రతిని స్కాన్ చేసి మళ్లీ అచ్చు వేసినదైతే, ఆ పళ్ల అంచు మీద కొత్త చుక్కలు కూడా ఎక్కి అక్షరం చుట్టూ మురికి పట్టినట్టు ఉంటుంది. ఒకసారి పక్కపక్కన చూస్తే మళ్లీ మర్చిపోరు. కాగితం పసుపుదనాన్ని మాత్రం ఆధారం చేసుకోకండి. మన వేసవిలో నాలుగేళ్ల కాగితం కూడా నలభై ఏళ్లదిలా అవుతుంది.

మళ్లీ అచ్చులు వేసినవారు లేకపోలేదు. 1991లో ఫెన్నెల్ సంపాదకత్వంలోనే థండర్‌బర్డ్స్ కామిక్ వచ్చి పాత సీరియళ్లను కొత్త తరానికి అందించింది. అందులో పెద్దపీట బెల్లమీ బొమ్మలకే. 2009 నుంచి రేనల్డ్స్ అండ్ హెర్న్ వారు టీవీ సెంచరీ 21 సీరియళ్లను సంపుటాలుగా తెచ్చారు. చదువుకోడానికి అవి సుఖం. అయితే సంపుటంలో సీరియల్ ఒంటరిగా ఉంటుంది. చుట్టూ ఉన్న నకిలీ వార్తలు, ఏజెంటు సందేశాలు, వెనక అట్ట మీద 104 వారాలు నడిచిన డాలెక్‌ల (డాక్టర్ హూ టీవీ ధారావాహికలోని శత్రువుల) కథ, ఇవేవీ ఉండవు. గూఢచారి కథకు ఆ పరిసరం సగం బలం. కాబట్టి మీ దగ్గరున్నది అసలు ప్రతే అయితే, చిరిగినదైనా సరే, దాని విలువ వేరు.

బైండు విప్పించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కుట్టు విప్పితే మధ్య మడతల దగ్గర కాగితం ముక్కలవుతుంది, మధ్య పేజీల పెద్ద బొమ్మలకే ముందు దెబ్బ. లామినేషన్ అసలే వద్దు. చిరుగులకు మామూలు టేపు అంటించవద్దు, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై లోపలికి దిగుతుంది. పిన్నులు తుప్పు పట్టి ఉంటే నెమ్మదిగా తీసేయించండి, తుప్పు ఎప్పటికీ అక్కడే ఆగదు. నాఫ్తలీను ఉండలు పుస్తకానికి తగలనివ్వకండి. బీరువాలో పడుకోబెట్టి ఉంచండి, గోడకు ఆనించి కాదు, వానాకాలంలో నెలకొకసారి తీసి గాలి తగలనివ్వండి. మీరు కోస్తా వైపు ఉంటే పక్షానికొకసారి.

ఇప్పుడు మీ బైండులోని మొదటి, చివరి సంచికల ముందు పేజీల పైభాగం ఫొటోలు తీసి పెట్టండి. సంచిక అంకె, తేదీ స్పష్టంగా కనిపిస్తే చాలు. పెనెలొపీ కథ ఎక్కడ అందుకుంటుందో, మధ్యలో ఏ వారాలు లేవో చెప్పగలను. లేని వారాలకు సంపుటం కొనాలా, విడి సంచికల కోసం చూడాలా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.